వానాకాలంలో డీజిల్ బంకుల ట్యాంకులను తనిఖీ చేయాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. పర్లాకిమిడి నుంచి మోహన మీదుగా బరంపురం వెళ్ళే దారిలో పాత డీజిల్ బండ్లు నడుపుకునేవారిని ఏటా వానాకాలంలో వేధిస్తున్న ఒక సమస్యను, అంటే బంకు డీజిల్‌లో నీళ్ళు కలిసి ఉండడాన్ని, మీ పత్రిక ద్వారా గజపతి, గంజాం జిల్లాల అధికారుల దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను.

మా ఇంట్లో ఇరవై ఏళ్ళ నాటి టాటా సుమో ఉంది. గత శ్రావణంలో మా అక్కను బరంపురంలోని ఎం.కె.సి.జి. ఆసుపత్రిలో చూపించి తిరిగి వస్తూ, దారిలో ఒక బంకులో డీజిల్ పోయించుకున్నాం. తప్తపాణి ఘాటీ ఎక్కుతుండగా బండి లాగడం మానేసి, రెండు మూడు కుదుపులిచ్చి, సరిగ్గా మలుపులో ఆగిపోయింది. డీజిల్ బండిలో ఇంజను ఆగిందంటే బ్రేకుకు సాయపడే వాక్యూమ్ పంపు కూడా ఆగిపోయినట్టే. ఒకటి రెండుసార్లు తొక్కేసరికి పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. వెనక్కి జారుతున్న బండిని హ్యాండ్ బ్రేకు మీద ఎలాగో నిలిపి, దిగి, చక్రాల కింద రాళ్ళు పెట్టేదాకా వెనక సీటులో ఉన్న మా అక్క నోట మాట రాలేదు.

డీజిల్‌ను వడగట్టే ఫిల్టరు గిన్నె అడుగున ఉండే మరను వదులు చేసి, కారినదాన్ని గాజు సీసాలో పట్టాను. కాసేపట్లోనే పైన లేత పసుపు డీజిల్, అడుగున వేలెడు మందాన నీళ్ళు, రెండింటి మధ్య కుళ్ళిన నాచులాంటి నల్లని జిగురు వేరువేరుగా తేలాయి. ఆ ఫిల్టరు వేసి మూడు వారాలు కూడా కాలేదు. ఆ ఉదయం బయలుదేరే ముందు అదే మర తిప్పి చూస్తే నీటి చుక్క లేదు. వెంట ఉన్న కొత్త ఫిల్టరు బిగించి, ప్రైమర్ (డీజిల్‌ను చేత్తో ఎక్కించే చిన్న పంపు) కొడుతూ, బుడగలు ఆగేదాకా ఎయిర్ తీసి, వానలో తడుస్తూ మళ్ళీ కదిలేసరికి గంటన్నర పట్టింది.

డీజిల్‌లో నీటి అంశం కిలోకు 200 మిల్లీగ్రాములు మించరాదని మన దేశ ప్రమాణం చెబుతోంది. అంటే లీటరుకు అయిదో వంతు మిల్లీలీటరు కూడా ఉండకూడదు. నా సీసాలో కనబడినది ఏ లెక్కకూ అందేది కాదు.

పాత బండి ఉన్నవారి బాధ్యతను నేను తక్కువ చేయడం లేదు. కొత్త బండ్లలో ఫిల్టరులో నీరు చేరితే హెచ్చరించే లైటు ఉంటుంది, మా బండ్లకు అది లేదు కనుక వారానికొకసారి మనమే నీరు వదిలి చూసుకోవాలి. వానలకు ముందొకసారి, వానలు వెనకబట్టాక మరొకసారి ఫిల్టరు మార్చుకోవాలి. మార్చిన ప్రతిసారీ రబ్బరు రింగులు కూడా కొత్తవే వేయించాలి. పాత రింగు గాలి పీల్చి బండిని ఆపేసినప్పుడు ఆ నింద ఫిల్టరు మీద పడుతుంది. ఇవన్నీ కొన్ని వందల రూపాయలతో అయ్యే పనులు. కానీ ఫిల్టరు ఆపగలిగేది కొద్దిపాటి చెమ్మనే. అంతకు మించిన నీరు దాన్ని దాటి ఇంజనుకు డీజిల్ అందించే పంపుకూ నాజిళ్ళకూ తుప్పు పట్టిస్తే, టాక్సీ తిప్పుకుని బతికేవాడికి ఆ మరమ్మతు ఒక నెల సంపాదనను మింగేస్తుంది.

బంకు ట్యాంకులు భూమిలో ఉంటాయి. మూత సరిగా బిగియకపోతే వాననీరు లోపలికి దిగి, డీజిల్ కన్నా బరువు కనుక అడుగున చేరుతుంది. దాన్ని కనిపెట్టడం కష్టమేమీ కాదు. కొలకర్ర చివర వాటర్ పేస్టు పూసి ట్యాంకులో దింపితే, నీరు ఉన్నంత మేరా పేస్టు రంగు మారుతుంది. రోజూ ఉదయం బంకు తెరిచే ముందు, పెద్ద వాన వెలిసిన వెంటనే మరోసారి ఈ పరీక్ష చేసి, ఫలితాన్ని సాంద్రతతో పాటు వినియోగదారులకు కనబడేలా బోర్డు మీద రాయాలని కోరుతున్నాను. ఆ బోర్డు ఒడియాతో పాటు తెలుగులోనూ ఉండాలి. ఇక్కడ ధర తక్కువని ఆంధ్రాలోని పాతపట్నం వైపు నుంచి కూడా బండ్లు వచ్చి మా బంకుల్లోనే పోయించుకుంటున్నాయి కనుక ఇది సరిహద్దుకు ఇరువైపుల వారి సమస్య.

డీజిల్ సరఫరాలో అక్రమాల నివారణకు కేంద్రం 2005లో తెచ్చిన ఉత్తర్వు ప్రకారం బంకులను తనిఖీ చేసి నమూనాలు తీసే అధికారం నియమిత అధికారులకు ఉంది. ఆషాఢ, శ్రావణ మాసాల్లో, ముఖ్యంగా ఘాటీలకు ముందున్న బంకుల్లో, ముందుగా కబురు పెట్టకుండా ఆ తనిఖీలు చేయించాలని ఇరు జిల్లాల కలెక్టర్లకు విన్నవించుకుంటున్నాను. అధికారికంగా నమూనా తీయని చోట ఒకరిని దోషిగా నిలబెట్టడం న్యాయం కాదు కనుక నేను డీజిల్ కొన్న బంకు పేరు ఇక్కడ రాయడం లేదు. ఆనాటి సీసాను మాత్రం మూత బిగించి, డీజిల్ కొన్న రసీదుతో సహా భద్రపరిచాను. తనిఖీకి వచ్చే అధికారి ఎవరు అడిగినా రెండూ అప్పగిస్తాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా