రెండు లెక్కలు, ఒకే పద్దు

సంపాదకులు గారికి,

నమస్కారం.

నగరాల్లో వ్యాపారాలు దెబ్బతింటున్నాయని చెప్పే వార్తల్లో ‘నేరాలు, నిరాశ్రయులు’ అన్న రెండు మాటలూ జంటపదంలా కలిసి రావడం చాలాకాలంగా చూస్తున్నాను. ఇరవై ఏళ్లకు పైగా చిల్లర వర్తకం చేసినవాడిని. తాళం పగిలిన షట్టర్ ముందు పొద్దున్నే నిలబడటం ఎలా ఉంటుందో తెలుసు, దుకాణం మెట్ల మీద పడుకున్న మనిషిని లేపి తలుపు తీయడం ఎలా ఉంటుందో కూడా తెలుసు. ఈ రెండూ ఒకే రకం ఇబ్బంది కాదు. వీటిని ఒకే పద్దులో రాయడం వల్ల నిరాశ్రయులకు జరిగే అన్యాయం గురించి అప్పుడప్పుడైనా ఎవరో ఒకరు రాస్తున్నారు. వర్తకులకు జరిగే నష్టం గురించి రాసేవారు కనబడలేదు కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు నష్టం సంగతి. దొంగతనంలో పోయేది ఆ వస్తువు ఖరీదు ఒక్కటేనని బయటివారు అనుకుంటారు. నూటికి పది మిగిలే సరుకులో ఒకటి మాయమైతే, దాని కొనుగోలు ధర తొంభై రాబట్టుకోవడానికి అలాంటివే మరో తొమ్మిది అమ్మాలి. ఆ తొమ్మిదీ అమ్మాక అద్దెకూ కరెంటుకూ జీతాలకూ మిగిలేది సున్నా. పెద్ద సంస్థలు దీన్ని ‘తరుగు’ కింద వేసుకుని ఏడాది చివర సర్దుకోగలవు. చిన్న దుకాణదారుకు తరుగంటే ఆ నెల గల్లాలో కనిపించే ఖాళీ. ఆపైన అద్దం పగిలితే అద్దం, తాళం పగిలితే తాళం, బాగుచేసే మనిషి వచ్చేదాకా మూతపడిన పూట బేరం. బీమా ఉన్నా, నష్టంలో తొలి భాగం మనమే భరించాలన్న షరతు ఒకటి ఉంటుంది, చిన్న దొంగతనాలన్నీ దాని లోపలే ఆగిపోతాయి. అది దాటిన వాటికి క్లెయిమ్ పెడితే మరుసటి ఏడాది ప్రీమియం పెరుగుతుందేమోనన్న బెంగ వేరే.

ఏ పుస్తకంలోనూ రాసుకోలేని నష్టం ఇంకొకటి ఉంది. సరుకును అద్దాల బీరువాలో పెట్టి తాళం వేస్తే దొంగ చెయ్యి ఆగుతుంది, కొనేవాడి చెయ్యి కూడా ఆగుతుంది. తాళం తీయమని అడిగి, సిబ్బంది వచ్చేదాకా నిలబడి, వాళ్లు చూస్తుండగా వస్తువు ఎంచుకోవడం ఇష్టంలేని మనిషి మెల్లగా వెళ్లిపోతాడు. సాయంత్రం షిఫ్టుకు రావడానికి అమ్మాయిలు జంకుతారు. రాత్రి తొమ్మిదింటికి మూసేవాడు ఏడింటికే షట్టర్ దించుతాడు, ఆ పక్కవాడు తన ఒక్కడి దీపం వెలిగి ఉండటం చూసుకుని తానూ దించుతాడు. వీధికి దుకాణాల వెలుతురే సగం కాపలా కాబట్టి, త్వరగా మూసిన ప్రతి దుకాణమూ మిగిలినవాటికి ఒక కాపలాదారును తగ్గించినట్టే. ఒక వీధి ఇలా సందడి కోల్పోవడానికి దోపిడీలు వరసగా జరగనక్కరలేదు, జరుగుతాయన్న అనుమానం చాలు.

ఇక నమ్మకం. నా దుకాణంలో చోరీ జరిగిన ఒక సందర్భంలో ఫిర్యాదు రాసుకుని స్టేషన్‌కు వెళ్లాను. కూర్చోమన్నారు, మర్యాదగానే మాట్లాడారు. ఎంత పోయిందని అడిగారు. చెప్పాక, ఇంత చిన్న మొత్తానికి కేసంటే మీకే తిరుగుడు, కాగితం ఇచ్చి వెళ్లండి, చూస్తాం అన్నారు. కాగితం తీసుకుని ఒక ఫైలు కింద పెట్టారు. రసీదు అడిగితే నవ్వారు. ఆ నవ్వులో వెటకారం లేదు, అలవాటు మాత్రమే ఉంది. రెండోసారి చోరీ జరిగినప్పుడు నేను వెళ్లలేదు. మూడోసారి వెళ్లాలన్న ఆలోచన కూడా రాలేదు.

ఇది నా ఒక్కడి అనుభవమైతే మీ పత్రికలో చోటు అడిగేవాడిని కాను. అమెరికాలో 1973 నుంచి ప్రభుత్వమే ఇళ్లలోని మనుషులను నేరుగా అడిగి తెలుసుకునే బాధితుల సర్వే ఒకటి నడుస్తోంది. అక్కడ ఆస్తి నేరాల్లో పోలీసుల దాకా చేరేవి సుమారు మూడో వంతేనని ఇటీవలి సంవత్సరాల్లో ఆ సర్వే చూపిస్తూ వస్తోంది. అది కూడా ఇళ్ల లెక్కే, దుకాణాల సంగతి అందులో లేదు. ఫిర్యాదులు తగ్గితే కాగితం మీద నేరాలు తగ్గుతాయి. తగ్గాయని అధికారులు ప్రకటిస్తారు. పగిలిన అద్దం ముందు నిలబడి ఆ ప్రకటన చదివిన వర్తకుడు ఆ ఒక్క అంకెనే కాదు, ఆ తర్వాత వచ్చే ఏ అంకెనూ నమ్మడు. నేరాలు నిజంగానే తగ్గిన ఏడాది కూడా నమ్మడు. అప్పటి నుంచి అతనికి లెక్క అంటే పక్క దుకాణంవాడు చెప్పిన మాట, ఫోన్‌లో ఎవరో పంపిన వీడియో.

వర్తకుల వైపు తప్పు లేదని చెప్పను. మా అంకెలూ అంత శుభ్రమైనవేం కావు. అమెరికాలోని జాతీయ రిటైల్ సమాఖ్య 2023లో ఒక నివేదిక విడుదల చేసింది. 2021లో చిల్లర వర్తకానికి తరుగు రూపంలో పోయిన 9,450 కోట్ల డాలర్లలో దాదాపు సగం ముఠాల వ్యవస్థీకృత దొంగతనాల వల్లేనని అందులో రాశారు. అదే ఏడాది డిసెంబరులో ఆ వాక్యాన్ని వెనక్కి తీసుకున్నారు. ఎన్నో ఏళ్ల కిందటి మొత్తం తరుగు అంకె ఒకటి చేతులు మారి మారి ముఠా దొంగతనాల అంకెగా వేషం కట్టిందని తేలింది. మొత్తం తరుగులో బిల్లింగ్ పొరపాట్లూ ఉంటాయి, సొంత సిబ్బంది చేతివాటమూ ఉంటుంది. వాల్‌గ్రీన్స్ మందుల దుకాణాల గొలుసు ఆర్థిక విభాగాధిపతి అదే సంవత్సరం జనవరిలో, అంతకు ముందటి ఏడాది తాము దొంగతనాల గురించి కాస్త ఎక్కువగానే మొత్తుకున్నామేమోనని ఒప్పుకున్నారు. ఈ లోపు దుకాణాల మూసివేతల వార్తలన్నీ ప్రపంచమంతా తిరిగి వచ్చాయి, వాటి పక్కనే ఫుట్‌పాత్ మీది గుడారాల ఫొటోలు కూడా. పెద్దవాళ్లు అతిగా చెప్పి పలచన అయితే, ఆ తర్వాత నిజం చెప్పే చిన్నవాడి మాటకూ విలువ తగ్గుతుంది.

గుడారం ఫొటో చూడగానే దొంగతనం ఎందుకు గుర్తొస్తుందో ఆలోచించాలి. 1982లో జేమ్స్ విల్సన్, జార్జ్ కెల్లింగ్ అనే ఇద్దరు రాసిన వ్యాసం నుంచి ‘పగిలిన కిటికీ’ వాదం ప్రచారంలోకి వచ్చింది. ఒక్క కిటికీ పగిలి బాగుచేయకుండా ఉంటే ఇక్కడ అడిగేవాడు లేడన్న సంకేతం వెళ్తుందని, చిన్న అరాచకం పెద్ద నేరాన్ని పిలుస్తుందని దాని సారాంశం. వర్తకులకు సహజంగానే నచ్చే మాట, నాకూ నచ్చింది. అయితే ఆ వ్యాసంలోనే ఫిలిప్ జింబార్డో చేసిన ఒక ప్రయోగం ప్రస్తావన ఉంది. న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో నంబరు ప్లేటు లేని కారును బానెట్ తెరిచి వదిలేశారు. పది నిమిషాల్లోనే చేతులు పడ్డాయి. మొదట వచ్చింది తండ్రి, తల్లి, చిన్న కొడుకు ఉన్న ఒక కుటుంబం. రేడియేటరూ బ్యాటరీ విప్పుకుపోయారు. తర్వాత ధ్వంసం చేసిన పెద్దల్లో ఎక్కువమంది మంచి బట్టలు కట్టుకుని పెద్దమనుషుల్లా కనిపించినవారేనని ఆ వ్యాసమే చెబుతుంది. వాదాన్ని గుర్తుపెట్టుకున్న లోకం ఈ వాక్యాన్ని మాత్రం సౌకర్యంగా మరిచిపోయింది.

షికాగోలో రాబర్ట్ శాంప్సన్, స్టీఫెన్ రౌడెన్‌బుష్ చేసిన పరిశోధన దీన్ని ఇంకా తేటతెల్లం చేసింది. వాళ్లు కదిలే వాహనంలోంచి వీధులను వీడియో తీయించి చెత్త, పిచ్చిరాతలు, పగిలిన సీసాలు లెక్కపెట్టించారు. అక్కడి జనాన్ని మీ వీధి ఎంత అస్తవ్యస్తంగా ఉందని విడిగా అడిగారు. కంటికి కనిపించే చెత్త సమానంగా ఉన్నచోట కూడా, నల్లజాతివారూ పేదలూ ఎక్కువగా ఉన్న పేటలనే జనం ఎక్కువ అస్తవ్యస్తంగా చెప్పారని 2004లో ప్రచురించారు. అదే బృందం 1997లో ఇంకో సంగతి చూపించింది: ఇరుగుపొరుగు మీద నమ్మకం ఉండి, అవసరమైతే ఎవరో ఒకరు కల్పించుకుంటారన్న భరోసా ఉన్న పేటల్లో, పేదరికం వంటివి లెక్కలోకి తీసుకున్నాక కూడా, హింస తక్కువ. నమ్మకం పోతే నేరం పెరుగుతుందనడానికి ఇంతకన్నా సూటి ఆధారం నాకు తెలియదు.

ఇక్కడ నా తప్పొకటి చెప్పుకోవాలి. మా మెట్ల మీద ఒక ముసలాయన రాత్రిళ్లు పడుకునేవాడు. పొద్దున్నే లేచి, కింద పరుచుకున్న అట్టముక్కలు మడిచి, మీటరు పెట్టె వెనక దోపి వెళ్లేవాడు. ఒక వినియోగదారు ముఖం చిట్లించారని, నేను రోజూ దుకాణం మూసేముందు మెట్ల మీద రెండు బకెట్ల నీళ్లు పోయడం మొదలుపెట్టాను. ఆయన పక్క దుకాణం మెట్లకు మారాడు. వాళ్లూ నీళ్లు పోశారు. వారం తిరక్కుండా వీధంతా రాత్రి తొమ్మిది దాటితే తడిసి ఉండేది, ఆయన వెనక సందు చీకట్లోకి వెళ్లిపోయాడు. మా తాళం పగిలింది ఆ తర్వాతే. ఆ రెంటికీ సంబంధం ఉందని నేననను. కానీ ఆ నీళ్ల వల్ల నా దుకాణానికి దమ్మిడీ రక్షణ రాలేదని మాత్రం అనగలను.

నగరాలు చేస్తున్నది కూడా ఇంచుమించు ఇదే, కాస్త పెద్ద బకెట్లతో. ఇంగ్లండ్‌లో 1824 నాటి చట్టం ఆరుబయట పడుకోవడాన్నే నేరం చేసింది. నెపోలియన్ యుద్ధాల నుంచి తిరిగొచ్చి దిక్కులేకుండా మిగిలిన సైనికులు కూడా దాని కిందికి వచ్చారు. అమెరికా సుప్రీంకోర్టు 2024 జూన్ 28న గ్రాంట్స్ పాస్ కేసులో, పడుకోవడానికి వేరే చోటు లేనివారిని కూడా బహిరంగ స్థలంలో పడుకున్నందుకు శిక్షించడం క్రూరమైన శిక్ష కిందికి రాదని 6–3 తేడాతో చెప్పింది. మన సుప్రీంకోర్టు 1985లో ఓల్గా టెల్లిస్ కేసులో బొంబాయి ఫుట్‌పాత్ వాసుల గురించి చెబుతూ, జీవించే హక్కులో జీవనోపాధి కూడా ఉందని, వాళ్లు అక్కడ ఉండేది పని దగ్గరగా ఉన్నందువల్లనని గుర్తించింది. తగిన పద్ధతి ప్రకారం ఖాళీ చేయించవచ్చని కూడా అంది. ఈ రెండో తీర్పులోని గమనింపు వర్తకులకు కొత్తది కాకూడదు. ఏ మార్కెట్లోనైనా మూటలు దింపేవారిలో, ఊడ్చేవారిలో, అట్టపెట్టెలు ఏరేవారిలో రాత్రి అక్కడే పడుకునేవారు ఉంటారు. పగలు వాళ్ల శ్రమ కావాలి, రాత్రి మాత్రం వాళ్లు కనబడకూడదు.

జరిమానా కట్టలేని మనిషికి జరిమానా వేస్తే అది ఒక కేసుగా మిగులుతుంది, ఆ కేసు వల్ల రేపు పని గానీ అద్దె గది గానీ దొరకడం ఇంకా కష్టమవుతుంది, మనిషి తిరిగి అదే మెట్ల దగ్గరికి వస్తాడు. ఫిన్లాండ్ వేరే దారి పట్టింది. 1980ల చివర్లో అక్కడ 18,000 మంది దాకా నిరాశ్రయులుండేవారు. మద్యం మానాకే, పని దొరికాకే ఇల్లు అనే షరతు తీసేసి ముందు ఇల్లు, మిగతావి తర్వాత అనే పద్ధతిని 2008లో జాతీయ కార్యక్రమం చేశారు, రాత్రి బస కేంద్రాలు చాలావాటిని అద్దె ఫ్లాట్లుగా మార్చారు. 2023 నాటికి సంఖ్య 4,000 లోపుకు వచ్చింది. దీనివల్ల దుకాణాల్లో దొంగతనాలు ఆగిపోతాయని నేను చెప్పడం లేదు. ఇల్లిస్తే నిరాశ్రయత తగ్గుతుంది. చోరీలకు వేరే మందు ఉంది, అది ఫిర్యాదు తీసుకోవడం, దొంగసరుకు కొనేవాడిని పట్టుకోవడం, వీధిదీపాలు వెలగనివ్వడం. ఒకదాని మందు ఇంకొకదానికి వేసి, తగ్గలేదేమిటని అడుగుతున్నాం.

వర్తకులు సొంతంగా చేసుకోగలిగిందీ ఉంది. టొరంటోలోని బ్లూర్ వెస్ట్ విలేజ్ వ్యాపారులు 1970లో తమ మీద తామే అదనపు పన్ను వేయించుకుని వీధిని బాగుచేసుకునే ఏర్పాటు మొదలుపెట్టారు, అది తర్వాత చాలా దేశాలకు పాకింది. దీపాలూ శుభ్రతా మెరుగుపడతాయి. కానీ డబ్బులిచ్చి పెట్టుకున్న కాపలా మనిషి మా వీధి చివర ఆగుతాడు, అవతలి వీధికి చేరిన ఇబ్బంది ఎవరి ఖాతాలోనూ పడదు.

మీ పత్రికకు రెండు విన్నపాలు. నిందితుడికి ఇల్లు లేకపోవడానికీ జరిగిన నేరానికీ సంబంధం లేనప్పుడు, ఇల్లున్న నిందితుడి చిరునామాను శీర్షికలో ఎలా వేయరో అలాగే ఆ మాటనూ శీర్షికలో వేయకండి. రెండోది నాకు ఇంకా ముఖ్యం: దుకాణంలో చోరీ జరిగిన వార్త వేసినప్పుడు, ఆ ఫిర్యాదు నమోదైందా, రసీదు ఇచ్చారా, నెల తర్వాత ఎంతవరకు వచ్చింది అన్నది ఒక్క వాక్యంలోనైనా వేయండి. రసీదులు ఉన్నవారు నకళ్లు పంపుతారు. లేనివారు, నాలాగా, ఏ తేదీన అడిగారో రాసి పంపుతారు.

ఇట్లు,
మీ పాఠకుడు,
ఒక చిల్లర వర్తకుడు