గుంత తవ్వే ముందు నేలను అడుగు

ఒరే శీనూ,

ఉత్తరం అందింది. ఘట్‌కేసర్‌లో ఇల్లు స్లాబు దాకా వచ్చిందంటే చాలా సంతోషమేసిందిరా. వదినకీ పిల్లలకీ నా మాటగా చెప్పు. ఇక నువ్వడిగిన ఇంకుడు గుంత సంగతి. నాలుగడుగుల గుంత తీసి కంకర నింపితే చాలని మేస్త్రీ అన్నాడని రాశావు. చాలదు. లెక్క చూడు.

చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. మీ డాబా వంద చదరపు మీటర్లు. గంటలో 40 మి.మీ. కొట్టే వాన మనకు కొత్తేం కాదు. స్లాబు పీల్చుకున్నదీ చిందిపోయిందీ తీసేసి నూటికి 85 పాళ్లు పట్టుకున్నా 3,400 లీటర్లు. నాలుగడుగుల పొడవు, వెడల్పు, లోతున్న గుంత ఖాళీగా ఉంటే 1,800 లీటర్లు పడుతుంది. కంకర నింపాక సందుల్లో మిగిలే చోటు ఐదింట రెండు వంతులే, అంటే ఏడొందల లీటర్లు. పావుగంట తిరక్కుండా పొంగిపోతుంది.

అలాగని ఊరికే పెద్దది తవ్వినా లాభం లేదు. తవ్విన గుంత ఎంత త్వరగా ఖాళీ అవుతుందో ముందు తేల్చుకోవాలి. జేసీబీని పిలవకముందే, గుంత రావాల్సిన చోట మూడు నాలుగడుగులు తవ్వి, దాని అడుగున అడుగు లోతు చిన్న గొయ్యి తీయించు. సాయంత్రం నీళ్లు నింపి వదిలెయ్యి. తెల్లారి మళ్లీ నింపి, స్కేలు గుచ్చి, అరగంటకోసారి మట్టం రాసుకో. రాత్రి నానబెట్టడం మాత్రం మానొద్దు. ఎండిన నేల మొదటి బిందెను గటగటా తాగేస్తుంది, అది చూసి మోసపోతాం. నల్లరేగడైతే మరీను. నెర్రెల్లోకి నీళ్లు ఇట్టే దిగిపోతాయి, కాసేపటికి మట్టి ఉబ్బి నెర్రెలు పూడుకుంటాయి, ఆపైన చుక్క దిగడమే గగనం.

గంటకు 25 మి.మీ. దిగితే అదృష్టం. 10 దిగినా పనవుతుంది, పొడవు, వెడల్పు, లోతు ఆరేసి అడుగులుండే గుంత తీయించు. నాలుగు గోడలూ అడుగూ కలిపి దాదాపు 17 చదరపు మీటర్ల నేల నీళ్లు తాగుతుంది కాబట్టి, రాళ్ల సందులన్నీ నీళ్లతో నిండినా గుంత సుమారు ఒక రోజులో ఖాళీ అవుతుంది. 2 మి.మీ. చొప్పునే దిగితే నాలుగు రోజులు దాటుతుంది, ఈలోగా రెండో వాన వస్తే పట్టుకోవడానికి చోటుండదు. గంటకు ఐదు లోపైతే, అడుగున మొరం తగిలేదాకా ఆరంగుళాల బెజ్జాలు వేయించి కంకర నింపాలి. మీ వైపు నాలుగైదడుగులకే బండ తగలొచ్చు. తగిలితే లోతు ఆశ వదిలెయ్యి, ప్రహరీ వెంబడి రెండడుగుల వెడల్పు, మూడడుగుల లోతు, ఇరవై అడుగుల పొడవు కందకం తీయించు.

చోటు విషయంలో, పునాదికి పదడుగులు ఎడం ఉండాలి, సెప్టిక్ ట్యాంకుకు ఇంకా దూరం. జేసీబీ బకెట్ తడిమట్టిని గీసిన చోట గోడ నున్నగా, తాపీతో మెత్తినట్టు మెరుస్తుంది. ఆ మెరుపు నీటిని ఆపేస్తుంది. గడ్డపారతో గోడలన్నీ గీకించాకే రాళ్లు పోయించు. అడుగున పిడికిలంత రాళ్లు మూడడుగులు, ఆపైన 20 ఎం.ఎం. కంకర అడుగు, దాని మీద నైలాన్ జాలి, జాలి మీద దొడ్డు ఇసుక అడుగు, పైన ఒక అడుగు ఖాళీ. ఇలా అయితే దాదాపు మూడు వేల లీటర్లు నిలుస్తాయి, మిగతాదాంట్లో కొంత వాన పడుతుండగానే ఇంకుతుంది. ఇసుక కింద జాలి లేకపోతే కొన్నేళ్లలో ఇసుకంతా రాళ్ల సందుల్లోకి జారి అంతా ముద్దయిపోతుంది.

ఇంకుడు గుంతలు చాలావరకు పాడయ్యేది ఒండ్రు వల్లే. వాన వెలిసిన మర్నాడు ఇసుక మీద చూడు, పాల మీగడంత పలచగా ఎర్రటి పొర ఉంటుంది. ఎండితే పెచ్చులుగా లేచి అంచులు పైకి ముడుచుకుంటాయి. ఆ కాస్త పొర చాలు, కింద ఆరడుగుల గుంత ఉన్నా లేనట్టే. అలా ఎండినప్పుడు పారతో గీకేస్తే సులువుగా పోతుంది. ఏటా మే నెలలో పైన రెండంగుళాల ఇసుక తీసి కడిగి మళ్లీ పోయించు. గుంతకు ముందు రెండడుగుల చిన్న తొట్టి కట్టించు, బరువైన మట్టి అందులోనే పేరుకుంటుంది. ఇల్లు, మెట్లు, సున్నం అన్నీ అయ్యాకే గుంత తవ్వించు. సిమెంటు కడిగిన నీళ్లు ఒక్కసారి అందులోకి పోయాయంటే ఇక చెప్పేదేముంది.

తొలి వానలో డాబా మీది దుమ్ము, ఆకులు, పిట్టల రెట్ట అన్నీ వస్తాయి. మొదటి ఒకటి రెండు మి.మీ. పారబోయాలంటారు, అంటే నీకు నూరు నుంచి రెండొందల లీటర్లు. దానికని నాలుగంగుళాల పైపు ముక్క నిలబెట్టి మూత పెడతామంటారు. పదడుగుల పైపు పట్టేది 25 లీటర్లే, దాంతో ఏమవుతుంది? దారిలో ఒక వాల్వు పెట్టించి, జూన్‌లో మొదటి రెండు వానలు బయటికి వదిలెయ్యి. అది నయం.

పొంగిన నీళ్లకు దారి తప్పనిసరి. 2020 అక్టోబరు 13న మీ ఘట్‌కేసర్ వైపే ఒక్క రోజులో 30 సెం.మీ. దాటి కురిసింది. అలాంటి రోజు మీ డాబా మీదే పాతిక వేల లీటర్లు. ఏ గుంతా ఆపలేదు. పై అంచుకు మూడంగుళాల కింద నాలుగంగుళాల పైపు పెట్టి వాననీటి కాలువకు కలుపు. డ్రైనేజీ లైనుకు కలపనివ్వొద్దు, వానకు మ్యాన్‌హోళ్లు ఎగతన్ని మురుగు వీధిలోకి వచ్చేది అలా కలపబట్టే. బోరు కేసింగులోకి నేరుగా పైపు దించుదామని కూడా ఎవరో ఒకరు సలహా ఇస్తారు. ససేమిరా అను. వడకట్టని నీళ్లు బోరునే పాడుచేస్తాయి.

ఇంటి ముందంతా టైల్స్ పరుస్తామన్నావు. బండి తిరిగే మేర పరుచుకో, మిగతాది నేలగా ఉంచరా. అయితే బోసినేల పనికిరాదు. ఎర్రమట్టి మీద పెద్ద చినుకు పడితే మెత్తటి మట్టి చిట్లి బెజ్జాల్లో కూరుకుపోతుంది, ఎండాక పైన గట్టి పెళ్ల కడుతుంది, తర్వాతి వాన దాని మీద జారిపోతుంది. గడ్డి వెయ్యి, లేదా రాలిన ఆకులు రెండంగుళాల మందాన పరిచి ఉంచు. చెట్ల పాదులు నేల కంటే లోతుగా ఉండాలి. చాలామంది పూలమడి ఎత్తు చేసి చుట్టూ ఇటుకలు కడతారు, నీళ్లు బయటే నిలబడిపోతాయి.

హైదరాబాద్ చుట్టుపక్కల ఏడాదికి ఇంచుమించు 800 మి.మీ. పడుతుంది. మీ డాబా వాటా 68 వేల లీటర్లు, ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు పదమూడున్నర.

ఆదివారం ఇంట్లోనే ఉంటావుగా, శనివారం సాయంత్రమే గొయ్యిలో నీళ్లు పోసి ఉంచు. గంటకు ఎన్ని మిల్లీమీటర్లు దిగిందో, ఎన్నో అడుగున మట్టి రంగు మారిందో రాసి పంపు. అవి చూసి గుంతా కందకమా చెబుతాను. అప్పటిదాకా మేస్త్రీని ఆగమను.

నీ
రాఘవ