తుక్కు గుట్టలకు అడ్డుతెర ఎక్కడ?

సంపాదకులకు నమస్కారం.

టెక్సాస్‌లో మేముండే చోటికి వెళ్లే హైవే పక్కన పాత కార్ల యార్డు ఒకటుంది. నిరుడు గాలివానకు దాని కంచె సగం కూలింది, ఇంతవరకు నిలబెట్టలేదు. రోజూ ఆఫీసుకు వెళ్తూ తుప్పు పట్టిన డొక్కుల వరసే చూస్తున్నాం.

అమెరికాలో దీనికి చట్టం లేక కాదు. 1965 అక్టోబరు 22న అధ్యక్షుడు జాన్సన్ సంతకం చేసిన హైవేల సుందరీకరణ చట్టం ప్రకారం ముఖ్య రహదారులకు 1,000 అడుగుల లోపున్న తుక్కు యార్డులు ప్రయాణికుల కంట పడకూడదు. చెట్లో కంచెలో అడ్డుపెట్టాలి, లేదా ఎత్తేయాలి. పారిశ్రామిక ప్రాంతాలకు మినహాయింపు ఉంది. పట్టించుకోని రాష్ట్రానికి కేంద్రం ఇచ్చే హైవే నిధుల్లో 7 శాతం కోత పెట్టొచ్చు. ఈ చట్టం కోసం పట్టుబట్టింది జాన్సన్ భార్య లేడీ బర్డ్. ఆమెదీ టెక్సాసే!

యార్డు మూసేయమనడం లేదు. పాత స్పేర్ పార్టు కావాలంటే నేనూ అక్కడికే పరిగెత్తుతాను. కంచె లేపమంటున్నా, అంతే. ఫోన్ చేస్తే ఒక ఆఫీసు ఇంకో ఆఫీసును చూపిస్తోంది. ఈ దారిన తిరిగే తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు, తలా ఒక ఫిర్యాదు రాయండి.

- ఒక పాఠకుడు, టెక్సాస్