మూడో అంతస్తులో గది వద్దు, మా పాత హాలు చాలు

సంపాదకుడి గారికి నమస్కారం.

మా ఊళ్లో మాజీ సైనికుల హాలును కూల్చి షాపింగ్ కాంప్లెక్స్ కడతారట. కింద దుకాణాలు, పైన ఆఫీసులు, మూడో అంతస్తులో ‘మీ వాళ్లకో గది’ అంటున్నారు. మా సంఘంలో సగం మందికి మోకాళ్లు అరిగిపోయాయి. ప్లానులో లిఫ్టు ఉందా అని అడిగితే ‘చూద్దాం’ అన్నారు.

నేను హవల్దారుగా రిటైరయ్యాను. కిందటేడు మా అబ్బాయి దగ్గరికి అమెరికా వెళ్లినప్పుడు శాన్‌ఫ్రాన్సిస్కోలో సిటీ హాలు ఎదురుగా ఉన్న వెటరన్స్ బిల్డింగ్, అంటే మాజీ సైనికుల భవనం చూశాను. మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడినవాళ్ల జ్ఞాపకంగా కట్టిన భవనమది. పక్కనే అదే పోలికతో ఒపేరా హౌస్. కట్టకముందు అక్కడా మాజీ సైనికులకూ ఒపేరా వాళ్లకూ ఎవరికెంత చోటన్న దగ్గర గట్టి తగవే నడిచింది. 1927లో ఈ భవనాల కోసం ఊరు 40 లక్షల డాలర్లు బాండ్ల మీద అప్పు తేవడానికి ఓటర్లు ఒప్పుకున్నాక కూడా పని మొదలవడానికి ఏళ్లు పట్టింది. సైనికులు మాత్రం తమ వాటా వదులుకోలేదు. 1932లో రెండు భవనాలూ తెరుచుకున్నాయి.

1945 జూన్ 26న ఐక్యరాజ్యసమితి చార్టర్ మీద 50 దేశాలు సంతకాలు చేసింది ఆ వెటరన్స్ బిల్డింగ్ హాల్లోనే. మన దేశం తరఫున సంతకం పెట్టిన ఆర్కాటు రామస్వామి మొదలియార్ పుట్టింది కర్నూలులో. ఈ మాట చెబితే మావాడు ఫోన్లో వెతికి చూసుకుని గానీ నమ్మలేదు!

భూకంపాల ఊరు కదా, పాతదైపోయిందని పడగొట్టేయడానికి వాళ్లకు మంచి సాకే ఉంది. అయినా 2013లో మూసేసి, గోడలు గట్టిచేసి, 2015లో మళ్లీ తెరిచారు. సైనిక సంఘాలు తమ గదుల్లోకి తాము వచ్చేశాయి. హాల్లో కచేరీలు జరుగుతుంటాయి. నాలుగో అంతస్తులో అరవై ఏళ్ల దాకా ఆధునిక కళల మ్యూజియం ఉండేది. ఊరివాళ్లు నిత్యం వచ్చిపోయే చోటు కాబట్టే దాన్ని కాపాడుకోవాలని వాళ్లకు అనిపించిందని నా అభిప్రాయం.

ఇక్కడ మా తప్పు కూడా ఒప్పుకోవాలి. మా హాలుకు ఏళ్ల తరబడి తాళం వేసి, మీటింగులకూ జెండా పండగలకూ మాత్రమే తీశాం. ఊళ్లో పిల్లలకు లోపల ఏముందో తెలియదు. తెలియని హాలు పోతే వాళ్లకేం బాధ?

నవంబరులో వచ్చి చూస్తే తెలుస్తుంది. పెన్షన్ లైఫ్ సర్టిఫికెట్ కోసం చుట్టుపక్కల పల్లెల నుంచి ముసలివాళ్లు ఆటోల్లో దిగుతారు. సైనిక పెన్షన్ల వెబ్‌సైటు స్పర్శ్ పోర్టల్ ఎలా తెరవాలో వాళ్లకు తెలియదు. ఈమధ్యే రిటైరైన కుర్రాడొకడు లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంటాడు. పొలం పనులు చేసిన వేళ్లు, గీతలు అరిగి మెషీన్ మీద ముద్ర పడదు. తడిగుడ్డతో బొటనవేలు తుడిచి, ఆరబెట్టి, మళ్లీ నొక్కిస్తాడు. నాలుగోసారికో అయిదోసారికో పడుతుంది. అప్పటిదాకా మిగతావాళ్లు వరండా బల్లల మీద పాత పోస్టింగుల కబుర్లు చెప్పుకుంటారు. ఈ జనం మూడో అంతస్తు ఎక్కుతారా?

మా హాలుకు భూకంపం బాధ లేదు. ఒక మూల కారుతుంది, తూర్పు గోడకు చెమ్మ. అంతే. మేం చందాలు వేసుకుంటాం. రీడింగ్ రూముకు, ఆర్మీ సెలక్షన్లకు పరిగెత్తే కుర్రాళ్లకు తర్ఫీదు ఇవ్వడానికి రోజూ తాళం తీస్తామని రాసిస్తాం. అధికారులను కోరేది ఒక్కటే. కూల్చడానికి ఎంతవుతుందో లెక్క వేయించారు, రిపేరుకు ఎంతవుతుందో ఇంతవరకు ఎవరూ వేయించలేదు. ముందు ఆ లెక్క వేయించి నోటీసు బోర్డులో పెట్టండి.

ఇట్లు,
ఒక మాజీ హవల్దారు,
పశ్చిమ గోదావరి జిల్లా