బావకి, బెల్టు గోల గురించి

బావా, నమస్కారం. మేం బాగానే ఉన్నాం, మాంచెస్టర్‌లో వాన మామూలే. నేనిక్కడ పాత క్యాసెట్లు బాగుచేస్తున్నానని అక్క చెప్తే మీరు తెగ నవ్వారట, పిండిమర నడిపే మీకే అర్థం కాకపోతే ఈ పని ఇంకెవరికి అర్థమవుద్ది చెప్పండి.

ఇవి పాటల క్యాసెట్లు కాదు, కంప్యూటర్ డేటా దాచే టేపు కార్ట్రిడ్జ్‌లు, క్విక్ అంటారు, టేపు వెడల్పు పావు అంగుళం, 1972లో త్రీఎం కంపెనీ వాళ్లు తెచ్చారు. 80ల చివర సన్ కంపెనీ వర్క్‌స్టేషన్ల మీద, అంటే పెద్ద పనులకి వాడే కంప్యూటర్ల మీద పనిచేసినోళ్లు వీటిని మా డిపార్ట్‌మెంట్ బీరువాలో వదిలేసి పోయారు. వీటిలో డీసీ6150 అనే రకంలో 150 ఎంబీ పడుతుంది, అంటే మన చిన్నదాని డాన్సు వీడియో ఒకటి పడితే గొప్ప.

దీని తెలివంతా బెల్టులోనే ఉంది బావా. రీళ్లకి వేరే మోటార్లుండవు, డ్రైవ్‌లో, అంటే టేపు చదివే మిషన్‌లో, ఉన్న ఒక్క మోటారు కార్ట్రిడ్జ్ మూతి దగ్గర చిన్న చక్రాన్ని తిప్పితే దాని మీదుగా పోయే సన్న పాలియురేతేన్ (సాగే ప్లాస్టిక్) బెల్టు రెండు రీళ్ల మీదున్న టేపునీ పైనుంచి ఒరుసుకుంటా నడుపుద్ది, టేపు బిగువు కూడా అదే చూసుకుంటది. భలే డిజైన్, నన్నడిగితే. కానీ ముప్పై ఏళ్లు దాటాక అది సాగిపోద్ది, లేదా తిప్పగానే పుటుక్కుమంటది. తెగితే పర్లేదు, టేపుకి అంటుకుపోతేనే చిక్కు, లాగితే పూత కూడా ఊడొచ్చేస్తది, డేటా ఉండేది ఆ పూతలోనే మరి.

అందుకే టేపు దొరగ్గానే డ్రైవ్‌లో తోసేసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుద్ది. ముందు కార్ట్రిడ్జ్ మీదున్న బాణాన్ని సేఫ్ అన్న వైపుకి తిప్పాలి, పొరపాటున దానిమీద రాయకుండా. తర్వాత కింద అల్యూమినియం ప్లేటు స్క్రూలు విప్పి, పాత బెల్టు మెల్లిగా తీసి, కొంచెం కొత్త కార్ట్రిడ్జ్ నుంచి పీకిన బెల్టు వెయ్యాలి, అది దొరక్కపోతే రబ్బరు బ్యాండ్లకి బదులు అమ్మే ప్లాస్టిక్ బ్యాండ్లు కూడా ఒక్కసారి చదవడానికి సరిపోతాయి. ఇంకో తిరకాసుంది, టేపు కొసని రీలుకి అతికించరు, ఊరికే చుట్టి ఉంటది అంతే. చివర్లో చిన్న బెజ్జాలుంటాయి, వాటిగుండా వెలుతురు పడితే డ్రైవ్ ఆగుద్ది, అక్కడ దుమ్ముంటే ఆగకుండా లాగేసి టేపు మొత్తం రీలు నుంచి ఊడిపోద్ది! డ్రైవ్‌లో ఉండే రబ్బరు చక్రం సంగతి వేరే, కరిగి బెల్లం పాకంలా తయారవుద్ది, అదీ మార్చాలి.

అన్నీ కుదిరితే టేపు అటూ ఇటూ నడుస్తా 18 ట్రాకులూ, అంటే టేపు పొడుగునా పక్కపక్కనే ఉండే డేటా వరసలు, చదువుద్ది, వచ్చినదంతా వచ్చినట్టే ఫైల్లోకి కాపీ చేసేస్తాం, రెండో ఛాన్సు ఉంటదన్న నమ్మకం లేదు కాబట్టి.

మర మోటారు మార్చాలన్నారుగా, ఎంతవుద్దో కనుక్కుని చెప్పండి, నెలాఖరుకి పంపిస్తా. అక్కని బీపీ మాత్రలు మానొద్దనండి.