ఏ మాట ఏనాడు చెప్పినది?

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. అమెరికా అధ్యక్షుడు జాన్ ఎఫ్. కెనెడీ హత్యపై మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. 1963 నవంబరు 22న డాలస్‌లో జరిగిన ఆ హత్య వెనుక కుట్ర ఉన్నదా లేదా అన్న వాదంలో వ్యాసకర్త కుట్ర ఉన్నదనే పక్షాన నిలిచారు. ఆయన పక్షంతో నాకు పేచీ లేదు, ఆ పక్షానికి ఆయన నిలబెట్టిన సాక్షులతోనే పేచీ. హత్య జరిగిన నాడే పోలీసుల ముందు సంతకం పెట్టినవారినీ, ఏడేళ్ళ తర్వాత మొదటిసారి నోరు విప్పినవారినీ, అరవై ఏళ్ళకు పుస్తకం రాసినవారినీ ఆయన ఒకే బంతిలో కూర్చోబెట్టారు. ముప్పై ఏళ్ళకు పైగా కోర్టులో సాక్షుల వాంగ్మూలాలు టైపు కొట్టి రిటైరైన మనిషిని కనుక ఆ బంతి చూసి ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

సాక్షి అన్న మాటలోనే కన్ను ఉన్నది. కాని తూటాలు ఎటునుంచి వచ్చాయన్న విషయంలో హత్య జరిగిన డీలీ ప్లాజా కూడలిలోని సాక్షులను మనం ఎక్కువగా అడిగేది చెవి సంగతి. 1976లో అమెరికా ప్రతినిధుల సభ నియమించిన హత్యల విచారణ కమిటీ 178 మంది మాటలను లెక్కకట్టింది. వారిలో 49 మంది టెక్సస్ స్కూల్ బుక్ డిపాజిటరీ భవనం వైపు, 21 మంది ఎదుటి గడ్డి దిబ్బ వైపు చెయ్యి చూపారు. ఇంకో 30 మంది మరేవో దిక్కులు చెప్పారు. తక్కిన 78 మంది, అంటే అందరికంటే పెద్ద గుంపు, ఎటునుంచి వచ్చాయో చెప్పలేకపోయారు. మీ వ్యాసకర్త ఆ 21 మందిలోనుంచి నలుగురిని తీసుకొని వారి మాటలను పెద్ద అక్షరాల్లో వేశారు. చుట్టూ ఎత్తైన భవనాలు, ఒక పక్క రైల్వే వంతెన ఉన్నచోట, ధ్వనికంటే వేగంగా పోయే తూటా తన దారి పొడవునా చేసే చప్పుడు ఒకటి, తుపాకి గొట్టం దగ్గర పుట్టే చప్పుడు మరొకటి అయినప్పుడు, ఉలిక్కిపడి నేలమీదికి వాలిన మనిషి చూపిన దిక్కుకు ఎంత విలువ ఇవ్వాలి? అదే 178 మందిలో 132 మంది మూడు పేలుళ్ళే విన్నామన్నారని కూడా వ్యాసంలో చెప్పి ఉంటే పాఠకులే తూచుకొని ఉండేవారు.

వ్యాసంలో అందరికంటే ఎక్కువ చోటు దక్కింది బెవర్లీ ఆలివర్‌కు. హత్య దృశ్యాన్ని కెమెరాలో బంధించినట్టు కొన్ని ఫోటోల్లో కనిపించే, తలకు గుడ్డ కట్టుకున్న ఒక స్త్రీని 'బబూష్కా లేడీ' అని పిలుస్తారు. ఆ స్త్రీ ఎవరో ఈనాటికీ తేలలేదు. ఆ స్త్రీ తానేనని ఆలివర్ 1970లో ముందుకు వచ్చింది. తాను తీసిన ఫిల్మును ప్రభుత్వ మనుషులు పట్టుకుపోయారనీ, తన చేతిలో ఉన్నది యాషికా సూపర్ 8 కెమెరా అనీ చెప్పింది. సూపర్ 8 అన్న ఫిల్ము కొడాక్ కంపెనీ ద్వారా బజారులోకి వచ్చింది 1965లో. ఈ సంగతి ఎత్తిచూపాక, అది ఇంకా అమ్మకానికి రాని నమూనా కెమెరా అని ఆమె సవరించుకున్నది. డాలస్‌లో ఉంటున్న పదిహేడేళ్ళ అమ్మాయి చేతికి అలాంటి నమూనా ఎలా చేరిందన్న ప్రశ్నను ఎవరైనా వేస్తారు. ఇలాంటి చోట సాక్షి నిజాయితీని శంకించనక్కరలేదు, ఆమె కంటతడిని కొలవనక్కరలేదు. కెమెరా పుట్టిన సంవత్సరం ఒక్కటి చాలు. ఆ సంవత్సరం మీ వ్యాసంలో లేదు.

జీన్ హిల్ కథ వేరు. ఆమె అక్కడ లేదని ఎవరూ అనలేరు. ఎర్ర కోటు వేసుకొని, మేరీ మూర్మన్ పక్కన, అధ్యక్షుడి కారుకు కొద్ది గజాల దూరంలో ఆమె నిలబడి ఉండడం జప్రూడర్ అనే ప్రేక్షకుడు హత్య జరుగుతుండగా తీసిన ఫిల్ములో ఇప్పటికీ చూడవచ్చు. హత్య జరిగిన మధ్యాహ్నం విలేఖరి అడిగితే, కాల్చిన మనిషిని చూడలేదు, చప్పుడు మాత్రమే విన్నానన్నది. 1964 మార్చిలో హత్యపై విచారణకు ప్రభుత్వం వేసిన వారెన్ కమిషన్ తరఫున ఆర్లెన్ స్పెక్టర్ అనే వకీలు ప్రశ్నించినప్పుడు నాలుగు నుంచి ఆరు పేలుళ్ళు విన్నాననీ, గడ్డి దిబ్బ మీద ఒక మనిషి పరుగెత్తడం చూశాననీ చెప్పింది. రెండు దశాబ్దాలు గడిచాక ఆ దిబ్బ మీదినుంచి కాల్చిన మనిషినే చూశానన్నది. కోర్టులో వకీళ్ళు దీన్ని 'ఇంప్రూవ్‌మెంట్' అంటారు. దర్యాప్తు అధికారి ముందు చెప్పని ముఖ్యమైన మాటను బోనెక్కాక చెబితే, అవతలి వకీలు లేచి మొదట అడిగేది అదే: "ఈ మాట ఆనాడు చెప్పారా?" ఆ ప్రశ్న వినగానే గొంతు తడారిపోయిన సాక్షులను చాలామందిని చూశాను. వారిలో అబద్ధమాడడానికి వచ్చినవారు తక్కువ. పదిమందికీ పదేపదే చెప్పగా చెప్పగా, పక్కవాడు చూసినది తన కళ్ళతో చూసినట్టే మనసులో స్థిరపడిపోయినవారే ఎక్కువ. జీన్ హిల్‌ను అబద్ధాలకోరు అనను. ఆమె నోటినుంచి వచ్చిన మూడు మాటల్లో మొదటిదానికే విలువ కడతాను.

ఇక్కడిదాకా చదివి, ఈయన ప్రభుత్వం పక్షం మనిషి అని వ్యాసకర్త అనుకుంటే పొరపాటు. ఇదే తక్కెడలో అధికారిక సాక్షులను తూచినా కాటా ఊగుతుంది. డిపాజిటరీ భవనం ఆరో అంతస్తు కిటికీలో తుపాకి పట్టిన మనిషిని చూశానన్న హోవర్డ్ బ్రెన్నన్, ఆ రోజు సాయంత్రం పోలీసులు జరిపిన గుర్తింపు పరేడ్‌లో హంతకుడని పోలీసులు పట్టుకున్న లీ హార్వీ ఆస్వాల్డ్‌ను ఇతడేనని గట్టిగా చెప్పలేదు. అప్పుడే చెప్పగలిగి ఉండేవాడిని, కుటుంబానికి ఏమవుతుందోనన్న భయంతో చెప్పలేదు అని తర్వాత వివరణ ఇచ్చాడు. హంతకుడు నిలబడి కాల్చాడన్నాడు. ఆ కిటికీ తలుపు కింది సగమే తెరిచి ఉన్నందున నిలబడి కాల్చడం కుదరదు. చివరికి వారెన్ కమిషన్ కూడా అతని తర్వాతి గుర్తింపు మీద తీర్పు నిలబెట్టలేదు, చూసిన మనిషి ఆస్వాల్డ్‌ను పోలి ఉన్నాడన్నంత వరకే తీసుకున్నది. అంటే ఆలస్యంగా వచ్చిన ధీమాకు విలువ తగ్గించడం కమిషన్‌కూ తెలుసు. 888 పేజీల నివేదికలో అన్నిచోట్లా ఆ జాగ్రత్త చూపి ఉంటే మనకు ఇన్ని తంటాలు ఉండేవి కావు.

తుపాకి విషయం కూడా అంతే. ఆరో అంతస్తులో తుపాకి దొరికినప్పుడు అక్కడున్న సీమర్ వైట్జ్‌మన్ అన్న అధికారి మర్నాడు ఇచ్చిన అఫిడవిట్‌లో దాన్ని 7.65 మౌజర్ అని రాశాడు. దొరికినది ఇటలీలో చేసిన 6.5 మిల్లీమీటర్ల మాన్‌లికర్ కార్కానో, దాని వరుస సంఖ్య సి2766. తొలినాటి మాటకే విలువ ఇవ్వాలన్న నా సూత్రం ప్రకారం మౌజర్ నెగ్గాలి కదా అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కాని తొలి మాట కూడా పరీక్షకు లోబడిందే. ఆ తుపాకిని పైకి ఎత్తుతుండగా ఒక టీవీ కెమెరామన్ తీసిన ఫిల్ము ఉన్నది. ప్రతినిధుల సభ కమిటీ నిపుణులు ఆ బొమ్మలను భద్రపరచిన తుపాకితో పోల్చి రెండూ ఒకటేనని తేల్చారు. కార్కానో బోల్టు పనితనం మౌజర్‌ను పోలినదే కనుక ఒక్క చూపు చూసి పొరబడడం వింత కాదు, వైట్జ్‌మన్ కూడా తర్వాత పొరపాటు ఒప్పుకున్నాడు.

ఇక వ్యాసకర్త వదిలేసిన ఇద్దరి గురించి చెప్పాలి. వారే ఆయన పక్షానికి ఎక్కువ పనికివచ్చేవారు, వారినే ఆయన మరిచిపోవడం నాకు వింతగా తోచింది. మొదటివాడు జేమ్స్ టేగ్. వంతెన దగ్గర నిలబడి చూస్తుండగా అతని చెంపకు ఏదో చిన్న పెచ్చు తగిలి గీరుకుపోయింది, దగ్గరలో కాలిబాట అంచు మీద తూటా ఆనవాలు కనిపించింది. ఈ సంగతి ఆ రోజే పోలీసులకు తెలిసినా, కమిషన్ అతన్ని ప్రశ్నించింది 1964 జూలైలో. మూడు తూటాలూ కారులోని వారికే తగిలాయన్న తొలి లెక్క ఆ గీరుతో చెల్లకుండా పోయింది. ఒక తూటా గురి తప్పిందని ఒప్పుకోక తప్పలేదు. కెనెడీ మెడకూ అదే కారులో ఉన్న టెక్సస్ గవర్నర్ కానలీకీ అయిన గాయాలన్నీ ఒకే తూటావన్న సిద్ధాంతం తప్పనిసరి కావడంలో ఆ చెంప గీరుకు పెద్ద పాత్రే ఉన్నది.

రెండో వ్యక్తి సిల్వియా ఒడియో. 1963 సెప్టెంబరు చివరలో ముగ్గురు మనుషులు డాలస్‌లోని తన ఇంటికి వచ్చారనీ, వారిలో ఒకరిని 'లియోన్ ఆస్వాల్డ్' అని పరిచయం చేశారనీ ఈ క్యూబా శరణార్థి చెప్పింది. ఆ రోజుల్లో ఆస్వాల్డ్ మెక్సికో ప్రయాణంలో ఉన్నాడన్న కారణంతో కమిషన్ ఆమె మాటను పక్కన పెట్టింది. ఆ ముగ్గురూ వచ్చినప్పుడు ఇంట్లో చెల్లెలు కూడా ఉన్నది. క్యూబా జైలులో ఉన్న తండ్రికి వారి గురించి ఒడియో ఉత్తరం రాసింది. ఆ మనుషులు తన స్నేహితులు కారు, జాగ్రత్త అని ఆయన రాసిన జవాబు 1963 డిసెంబరు నాటిది. పత్రికలవారు ఆమె తలుపు తట్టకముందే కాగితం మీదికెక్కిన సాక్ష్యమది. ప్రతినిధుల సభ కమిటీ ఆమెను నమ్మదగిన సాక్షిగానే పరిగణించింది. వచ్చినవాడు నిజంగా ఆస్వాల్డేనా, అయినా దానివల్ల కుట్ర రుజువవుతుందా అన్నవి వేరే ప్రశ్నలు. సూపర్ 8 కెమెరాకు అరపేజీ ఇచ్చి, ఈ ఉత్తరానికి ఒక్క వాక్యం కూడా ఇవ్వకపోవడమే నాకు బాధ.

బలహీనమైన సాక్షి ఎదుటి పక్షానికి చేసే మేలు గురించి న్యూ ఆర్లీన్స్‌లో 1969లో క్లే షా అనే వ్యాపారి మీద, కెనెడీ హత్య కుట్రలో పాలున్నదని నడిచిన కేసు చూడాలి. ఒక విందులో కెనెడీ హత్య గురించి షా మాట్లాడగా విన్నానని న్యూయార్క్‌నుంచి వచ్చిన చార్లెస్ స్పీసెల్ అనే అకౌంటెంట్ చెప్పాడు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో అతడు, ఎందరో అపరిచితులు తనను హిప్నటైజ్ చేశారనీ, తన కూతురు చదువుకోవడానికి వెళ్ళేటప్పుడూ తిరిగి వచ్చినప్పుడూ ఆమె వేలిముద్రలు తీసుకున్నాననీ ఒప్పుకున్నాడు. వచ్చినది కన్నకూతురేనా అని సరిచూసుకోవడానికట. జ్యూరీ గంట కూడా తీసుకోకుండా షాను నిర్దోషి అన్నది. ఆ తర్వాత చాలా ఏళ్ళపాటు కుట్ర అన్న మాట ఎత్తినవారికల్లా ఈ కేసునే చూపి నోరు మూయించారు.

2023లో పుస్తకం రాసిన పాల్ లాండిస్‌ను మీ వ్యాసం ఆకాశానికెత్తింది. అతడు ఆ రోజు జాక్వెలిన్ కెనెడీ రక్షణలో ఉన్న సీక్రెట్ సర్వీస్ ఉద్యోగి, మర్యాదస్తుడు. కారు వెనుక సీటు మీద దొరికిన తూటాను తానే తీసి ఆసుపత్రిలో అధ్యక్షుడి స్ట్రెచర్ మీద పెట్టానంటున్నాడు. అది నిజమైతే, గవర్నర్ స్ట్రెచర్ మీద దొరికిందన్న తూటాను ఆధారం చేసుకున్న ఒకే తూటా సిద్ధాంతం కుదేలవుతుంది. కాని హత్య జరిగిన కొద్ది రోజులకే అతడు స్వయంగా రాసిచ్చిన నివేదికలు రెండు ఉన్నాయి, రెండింటిలోనూ ఈ తూటా ఊసు లేదు. అరవై ఏళ్ళ మౌనానికి దిగ్భ్రమ కారణమన్న అతని మాటను కాదనలేను. అయినా మౌనం ఒకటి, నివేదిక ఒకటి. రాసిన నివేదికలో లేని తూటాను నమ్మమంటే, అతని మాట కాక మరో ఆధారమేదైనా చూపాలి.

యంత్రాన్ని కూడా సాక్షిగా ఎక్కించి భంగపడ్డారు. ఒక పోలీసు మోటారుసైకిలు మైకు నుంచి రికార్డయిందనుకున్న చప్పుళ్ళను నమ్మి, ప్రతినిధుల సభ కమిటీ నాలుగో తూటా గడ్డి దిబ్బ నుంచి పేలిందనీ, బహుశా కుట్ర జరిగి ఉంటుందనీ 1979లో తేల్చింది. ఒక పత్రికతో ఉచితంగా వచ్చిన ప్లాస్టిక్ రికార్డును మళ్ళీమళ్ళీ విన్న ఒహాయో కుర్రవాడు, డ్రమ్ము వాయించేవాడు, ఆ చప్పుళ్ళ చోటనే షెరీఫ్ గొంతు సన్నగా వినిపిస్తోందని పట్టుకున్నాడు. షెరీఫ్ ఆ మాటలన్నది హత్య జరిగాక. జాతీయ విజ్ఞాన అకాడమీ నిపుణులు 1982లో పరిశీలించి, ఆ చప్పుళ్ళు హత్య తర్వాత సుమారు ఒక నిమిషానికి రికార్డయినవని చెప్పారు. దానిమీద వాదం ఇంకా నడుస్తున్నది. కాని మీ వ్యాసంలో 1979 ఉన్నది, 1982 లేదు.

ఇంతకూ ప్రభుత్వం దాచినది ఏమీ లేదా అంటే, ఉన్నది. కెనెడీ హత్యకు కొద్ది వారాల ముందు ఆస్వాల్డ్ డాలస్ ఎఫ్‌బీఐ కార్యాలయంలో ఇచ్చి వెళ్ళిన చీటీని, అతన్ని జాక్ రూబీ అనే నైట్ క్లబ్ యజమాని కాల్చి చంపాక, అక్కడి అధికారులే నాశనం చేశారు. ఫిడెల్ కాస్ట్రోను చంపడానికి తాను వేసిన పథకాలను సీఐఏ వారెన్ కమిషన్‌కు చెప్పలేదు. రెండూ 1970లలో బయటపడి, సంబంధిత అధికారులే ఒప్పుకున్న విషయాలు. అనుమానపడదలచినవారికి ఇంత గట్టి సరుకు ఉండగా, 1970లో హఠాత్తుగా ప్రత్యక్షమైనవారి వెంట పడడం దేనికి?

చివరగా మీ పత్రిక బాధ్యతకు సంబంధించిన విషయం ఒకటి. సాక్షులు వరుసగా మరణించడం యాదృచ్ఛికంగా జరిగే అవకాశం లక్ష ట్రిలియన్లలో ఒక వంతు అని వ్యాసం కింద పెట్టెకట్టి వేశారు. ఈ లెక్క 1967లో లండన్ సండే టైమ్స్ ఒక యాక్చువరీ, అంటే బీమా లెక్కల నిపుణుడి చేత కట్టించినది. అమెరికా జనాభా మొత్తంలోనుంచి పేర్లతో సహా చెప్పిన పదిహేనుగురు కొద్దికాలంలో చనిపోయే అవకాశం ఎంత అని ఆయనను అడిగారు. అడగవలసింది వారెన్ కమిషన్ సూచికలోని రెండు వేలకు పైగా పేర్లలో ఎవరైనా పదిహేనుగురి గురించి. ప్రశ్నే తప్పుగా వేశామనీ, అజాగ్రత్త వల్ల జరిగిన పొరపాటనీ ఆ పత్రికే ప్రతినిధుల సభ కమిటీకి ఉత్తరం రాసి ఒప్పుకున్నది. పెట్టెకట్టి వేసిన అంకె కనుక సవరణ కూడా పెట్టెకట్టి వేయగలరని మనవి.

భవదీయుడు,
ఒక విశ్రాంత కోర్టు ఉద్యోగి