పోరగాళ్లను పంపిన పెద్దమనుషుల సంగతేంటి?

సంపాదకులకు నమస్కారం.

మన వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో ఎక్కడ గ్యాంగుల కొట్లాట జరిగినా తర్వాతి తంతు ఒక్కటే. నలుగురైదుగురు కుర్రాళ్లను ముఖానికి ముసుగులేసి ప్రెస్ మీట్‌లో నిలబెడతారు. టేబుల్ మీద కత్తులు, సెల్‌ఫోన్లు. మేజర్లు రిమాండుకు, మైనర్లు జువైనల్ బోర్డుకు. ఆ పోరగాళ్లకు పెట్రోలు పోయించి, బిర్యానీ తినిపించి, 'ఏమన్నయితే నేను చూసుకుంటా, పొండి' అన్నవాడు మాత్రం ఆ ఫొటోలో ఎన్నడూ కనిపించడు.

వాడెవడో గల్లీలో అందరికీ తెలుసు. ప్లాటు పంచాయితీ అయినా, అప్పు వసూలైనా, ఎన్నికల ర్యాలీ అయినా పది బైకుల మీద మందిని దింపేది వాడే. వాడి పుట్టినరోజుకు నడిరోడ్డు మీద తల్వార్‌తో కేకు కోస్తారు, ఆ రీలు రాత్రికి రాత్రే అందరి ఫోన్లలో తిరుగుతుంది. పదోతరగతి పిల్లాడికి అంతకన్నా పెద్ద హోదా ఏం కనిపిస్తుంది? పైగా మైనర్‌ను ముందు పెడితే కేసు తేలికైపోతుందనే లెక్క వాడికి బాగా తెలుసు.

దీనికి చట్టం లేదా అంటే ఉంది. జువైనల్ జస్టిస్ చట్టం, 2015లోని 83వ సెక్షన్ ప్రకారం పిల్లలను చట్టవిరుద్ధమైన పనులకు వాడుకునే పెద్దలకు ఏడేళ్ల వరకు కఠిన జైలు, రూ.5 లక్షల జరిమానా పడుతుంది. గంజాయి మోయించినా, అమ్మించినా 78వ సెక్షన్ ఉంది. ఒడిశా సరిహద్దు నుంచి సరుకు వచ్చే దారిలో ఉన్న మనకు ఇది చిన్న విషయం కాదు. పాత ఐపీసీ స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 95వ సెక్షన్ ఇంకా గట్టిది. పద్దెనిమిదేళ్లలోపు వాళ్లను నేరానికి పురమాయిస్తే కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా పదేళ్ల జైలు. నేరం జరిగితే, తానే చేసినట్టుగా ఆ నేరానికుండే శిక్ష కూడా పంపినవాడికి పడుతుంది. కానీ కొట్లాట వార్తల్లో ఈ సెక్షన్ల ఊసు నాకెక్కడా తగల్లేదు.

నష్టపోయేది కొట్టుకున్న రెండు జట్లే కాదు. మా వైపు టిఫిన్ బండ్లవాళ్లు చీకటి పడితే సర్దేసుకుంటున్నారు. ఆడపిల్లలను సాయంత్రం ట్యూషన్ మాన్పించిన ఇళ్లున్నాయి. పక్క గల్లీలో కిరాణా కొట్టు ముందే ఒకణ్ని కొట్టారు. సాక్ష్యం చెప్పమంటే ఆ దుకాణదారు, 'రేపు షట్టర్ లేపాల్సింది నేనే గద సార్' అన్నాడట. ఆయనను తప్పుపట్టలేం. సాక్షుల రక్షణ పథకం ఉండాలని పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 398వ సెక్షన్ చెబుతోంది. ఆ సంగతి ఆయన దాకా ఎవరు చేరవేశారు?

పంతొమ్మిదేళ్లకే రౌడీషీటు తెరిస్తే ఆ కుర్రాడికి పనిచ్చేవాళ్లు ఉండరు. ఖాళీగా ఉన్నవాడు మళ్లీ ఆ గల్లీ లీడరు దగ్గరికే పోతాడు. కౌన్సెలింగ్ ఇవ్వొద్దని అనను, కానీ ఆ కుర్చీలో ముందు కూర్చోబెట్టాల్సింది ఆ లీడరును. పార్టీలవాళ్లకు చెప్పి లాభం ఉంటుందన్న ఆశ నాకు లేదు, వాళ్లకూ ఆ బైకులతో పని ఉంటుంది.

అందుకే మీకు రాస్తున్నాను. ఈసారి మైనర్లున్న కొట్లాట కేసులో ప్రెస్ మీట్ పెట్టినప్పుడు మీ విలేకరి రెండు ప్రశ్నలు అడగాలి: వీళ్లను పంపింది ఎవరు, అతని మీద 95వ సెక్షన్ కింద కేసు పెట్టారా? వచ్చిన జవాబును, జవాబు రాకపోతే ఆ సంగతిని, ఆ ఫొటో పక్కనే అచ్చేయండి.

ఇట్లు,
మట్టెవాడ నివాసి, వరంగల్